విద్వత్సభలో సినిమా పాట

స్నాతకోత్సవమున దేశభవిష్యత్తును గూర్చియు, లోకగమనమును గూర్చియు ప్రసంగించుట ఆచారమని నిర్వాహకులు చెప్పినారు. ఫిడేలు వాయించుట, వాయింప నేర్పుట నా వృత్తి. ఆ వృత్తిలో చాలకాలముగా నా మనస్సును పట్టి విడువని సంగతి యొకటి కలదు, దానినే మీ ముందుంచెదను. లక్షలమంది డబ్బిచ్చి వినెడి పాట, అంగడిలో అమ్ముడుపోయెడి పాట, మన సినిమా పాట, సంగీతవిద్వాంసుల గౌరవమునకు అర్హమగునా, కాదా?

నేను విజయనగరమున సంగీతము నేర్చుకొన్నవాడను. ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులై, ద్వారం వెంకటస్వామినాయుడుగారు ఫిడేలు నేర్పిన కళాశాల అది; ఆ గోడలనడుమ కమాను పట్టుటయే ఒక భాగ్యము. చదువు ముగిసిన పిమ్మట బ్రదుకుతెరువునకై మదరాసు చేరి, సినిమా వాద్యబృందములలో ఫిడేలు వాయించితిని. కొన్ని యేండ్లకు ఒక విద్యాసంస్థలో అధ్యాపకపదవికి దరఖాస్తు పెట్టుకొని, మదరాసులో గడపిన సంవత్సరములను అనుభవముక్రింద వ్రాసితిని. ఎంపిక సంఘమున నున్న పెద్ద విద్వాంసుడొకరు కళ్లజోడు సవరించుకొని, ఆ పంక్తిమీద ఎర్రసిరాతో నిలువుగా కాక అడ్డముగా, దిట్టముగా గీత గీచి, "ఇది సంగీతము కాదు, జీవనోపాధి" అని కాగితమును పక్కవారికి అందించిరి. పదవి దొరకినది; ఆ సంవత్సరములు మాత్రము దొరకలేదు. జీతమునకై నేను బాధపడలేదు. ఆ గీతక్రింద పడిపోయినవారిలో నాకంటె ఎన్నో రెట్లు గొప్ప వాద్యకారులుండిరని, వారి పనితనమంతయు ఒక్క గీతతో లేనిదయ్యెనని నా బాధ.

ఆ పని ఎట్టిదో మీలో పలువురకు తెలియదు కనుక చెప్పుచున్నాను. ఆ రోజులలో గాయనీగాయకులును, వాద్యకారులందరును ఒకే హాలులో కూడి, పల్లవి మొదలు కడపటి చరణము వరకు ఏకబిగిన పాడి వాయింపవలసియుండెను. చివరి చరణమున ఒక్క కమాను శ్రుతి తప్పినను టేకు పోయినట్లే, మరల మొదటినుండి. మేము మా బిట్లను స రి గ మ లుగా నోటుపుస్తకములలో వ్రాసికొనెడివారము. పాశ్చాత్యపద్ధతిని నేర్చినవారు అయిదుగీతల లిపిని చూచి వాయించెడివారు. సంగీతదర్శకుడు హార్మోనియముమీద పాడిన వరుసను ఈ రెండు లిపులలోకిని దింపి, ఏ వాద్యము ఎచ్చట ఎత్తుకొనవలెనో, ఎచ్చట ఊరకుండవలెనో నిర్ణయించెడి సహాయకుని చాకచక్యమును చూచి నేను నేర్చుకొన్నది ఏ పాఠ్యగ్రంథమునను లేదు.

ఒకనాటి సంగతి. రెండవ చరణమునకు ముందు వేణువునకు నాలుగు ఆవర్తముల బిట్టు కలదు. దానికి ముందు గాయని పలుకు కడపటి మాట హ్రస్వముతో ముగియును. వేణువు అప్పుడే ఎత్తుకొన్నచో ఆ హ్రస్వము దాని ఊపిరిలో మునిగిపోవుచున్నదని సంగీతదర్శకునకు తోచినది. హాలు అద్దె గంటలలెక్కన పెరుగుచుండగా, నిర్మాత గడియారము చూచుకొనుచుండగా, ఆయన ఆ బిట్టును మధ్యాహ్నమంతయు మార్చి మార్చి వ్రాయించి, తుదకు వేణువును అరమాత్ర ఆలస్యముగా ఎత్తుకొమ్మని, మాట చెవిని చేరిన పిమ్మటనే స్వరము చేరునట్లు చేసి గాని టేకునకు ఒప్పుకొనలేదు. ఆ పాట ఊరూర మ్రోగినది. పెట్టినవానికి డబ్బు తెచ్చినది. ఆ అరమాత్రకై పడిన తపన కచేరీవేదికమీద నేను చూచిన ఏ నిష్ఠకంటెను తక్కువది కాదు.

డబ్బుకొరకు పుట్టినది కళ కానేరదను వాదము వినుటకు గంభీరముగనే యుండును గాని మన చరిత్ర దానికి సాక్ష్యమీయదు. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగవిజయములలోని పద్యములు ఎచ్చట బ్రదికినవి? టిక్కెట్టు కొని వచ్చిన జనసమ్మర్దము ముందు, కాంట్రాక్టు నాటకములలో, వన్స్‌మోరు కేకలనడుమ బ్రదికినవి. సంస్కృతపండితుని నోటను, రిక్షా లాగువాని నోటను అవే పద్యములు పలికినవి. జావళిని చిల్లర శృంగారమని ఈసడించినవారు ఒకప్పుడుండిరి. నేడు కచేరీ చివర జావళి పాడిన విదుషీమణికి శాలువ కప్పుచున్నాము. ఇంగ్లీషువారి బ్యాండు వరుసలకు సంస్కృతసాహిత్యమును కూర్చి నొట్టుస్వరములు రచించుటకు ముత్తుస్వామి దీక్షితులవంటి మహనీయుడే సంకోచింపలేదు.

ప్రభుత్వమే సినిమా పాటకు తలుపు మూసిన కాలమొకటి కలదు. 1952లో కేంద్ర సమాచార ప్రసార మంత్రిత్వమును స్వీకరించిన బి.వి. కేస్కర్‌గారు శాస్త్రీయ సంగీతమునకు ఆకాశవాణిద్వారా చేసిన సేవ సామాన్యమైనది కాదు. కాని సినిమా పాటలు జాతియొక్క అభిరుచిని చెరచుచున్నవని ఆయన గాఢముగా నమ్మిరి. ఆ పాటలు ఆకాశవాణిలో తగ్గి తగ్గి, కొంతకాలమునకు దాదాపు వినబడకపోయినవి. శ్రోతలు ఊరకుండిరా? రేడియో ముల్లును సిలోనువైపు త్రిప్పిరి. బుధవారపు రాత్రి బినాకా గీత్‌మాలాకై ఇండ్లలోను, హోటళ్లలోను గుమిగూడిరి. 1957 అక్టోబరులో వివిధభారతి వెలసి, వెళ్లగొట్టిన పాటకు మరల ఇంట చోటు దొరకినది. ఆ నడుమ బాలాంత్రపు రజనీకాంతరావుగారి వంటి ప్రతిభావంతుల చేతులలో రేడియో లలితసంగీతము చక్కని శాఖగా ఎదిగినమాట నిజము. ఆ లాభమును నేను కాదనను. అయినను ప్రజలు పాడుకొను పాటను బాగుచేయదలచినవాడు దానిని కూర్చుండి వినవలెను, ఏది పొల్లో ఏది గింజయో చెప్పవలెను. ఆ పని ఆనాటి సంగీతపండితులలో ఎక్కువమంది చేయలేదు, నేటికిని చేయుటలేదు.

అమ్ముడుపోయిన పాటకెల్ల మ్రొక్కుడని నేననుటలేదు. నిర్మాత హిందీ రికార్డును తెచ్చి బల్లమీద పెట్టి, "ఇదే వరుస కావలెను" అనుట నేను చూచితిని. ఆ వరుసలో తెలుగుమాటలను ఇరికింపగా దీర్ఘము కురుచయై, హ్రస్వము సాగి, మాట తన మొగమును తానే గుర్తుపట్టలేనట్లగును. అట్టి పాటలు వందలు వచ్చినవి; నేను కొన్నిటికి వాయించితిని; అవి ఎంత ధనమార్జించినను నా నోట ప్రశంస రాదు. సినిమా పాటకు నేను కోరెడి గౌరవము పూలదండలది కాదు. ఒక కృతిని మీరెంత కఠినముగా పరీక్షింతురో అంత కఠినముగా దీనిని పరీక్షింపుడు, తప్పును తప్పని చెప్పుడు, ఒప్పును కారణసహితముగా చెప్పుడు.

పరీక్షించునప్పుడు మన పండితులు ఒకచోట జారిపోవుచున్నారు. 1961లో వచ్చిన 'జగదేకవీరుని కథ'లోని 'శివశంకరీ'ని అందరును మెచ్చుదురు. పెండ్యాల నాగేశ్వరరావుగారు దానిని దర్బారీ కానడలో కట్టినారు. ఘంటసాలవారి కంఠమున గాంధారము ఊగెడి తీరును విని నేర్చుకొండని నేనును విద్యార్థులకు చెప్పుదును. కాని రాగము దొరకినచోట మాత్రమే తలయూపి, దొరకనిచోట పెదవి విరుచుట పాటను గౌరవించుట యెట్లగును? 1955లో 'రోజులు మారాయి' చిత్రమునకు కొసరాజుగారు వ్రాయగా, మాస్టర్ వేణుగారి సంగీతమున జిక్కి పాడిన 'ఏరువాక సాగారో' పాటను ఏ రాగపుతరాసులో తూచెదరు? దాని బలము నడకలో నున్నది, పొలము గట్టున పుట్టిన ఆ ఊపులో నున్నది, బరువులేక నేలను తన్ని లేచెడి ఆ గొంతులో నున్నది. ఆ వరుస బొంబాయి చేరి 1960లో 'బొంబయి కా బాబు'లో హిందీ మాటలతో మరల పలికినది. ఇట్టి పాటకు ప్రమాణములు ఆ పాటనుండియే తీయవలెను.

మైకు ముందు పాడుట సైతము వేరొక విద్య. కచేరీకంఠము మండపము కడవరకు పోవలెను గనుక దానికి ఒక బరువు వచ్చును. మైకునకు ఆ బరువు అక్కరలేదు. ఊపిరి విడుపు, పెదవి కలిపిన చప్పుడు, మాటలోని తడి, అన్నియు దానికి వినబడును. ఘంటసాలవారు విజయనగరమున పట్రాయని సీతారామశాస్త్రిగారి సన్నిధిని క్రమముగా చదివిన శాస్త్రమును మూడు నిమిషములకు కొంచెము మించిన రికార్డుముఖమున ఇమిడ్చినారు. ఆలాపనకు వ్యవధి లేదు. ఎత్తుగడలోనే రాగము మొగము చూపవలెను, అక్షరము చెడరాదు, పాత్రయొక్క దుఃఖము గాని వలపు గాని గొంతులో పలుకవలెను. ఆయన పద్యము పాడినప్పుడు రాగము సాగినకొలది అర్థము స్పష్టమగుచుండెను. రంగస్థలపు పద్యమునందు పెరిగిన మాకు అది కొత్త పాఠము.

అమ్మాయిలూ, అబ్బాయిలూ! ఇక మిమ్ములను కొంచెము కోప్పడవలసియున్నది. 1980లో 'శంకరాభరణము' వచ్చినప్పుడు సంగీతపాఠశాలల గుమ్మములయందు కొత్త చెప్పులు కుప్పలుపడినవి; మీలో ఎందరో ఆ చిత్రము చూచి, వేటూరివారి మాటలు, మహదేవన్‌గారి వరుసలు నోటికి పట్టి, సంగీతము నేర్పుమని ఇంట ఏడ్చి వచ్చినవారే. ఆ పాటలను పాడి జాతీయ పురస్కారము నందుకొన్న బాలసుబ్రహ్మణ్యముగారు శాస్త్రీయ సంగీతమును గురుముఖమున క్రమముగా అభ్యసించినవారు కారు. నాలుగు వర్ణములు, పది కృతులు వచ్చినవో లేదో, "సినిమా పాటలు మేము వినమండీ" అని నా ముందు బొంకెదరా? హాస్టలు కిటికీలోనుండి అర్ధరాత్రి వచ్చెడి ట్రాన్సిస్టరు మ్రోత నాకు వినబడదనుకొంటిరా? వినుడు నాయనలారా, తప్పు లేదు. వినుచు వినలేదనుట తప్పు. వేరొక జట్టు కలదు. పోటీలలో బహుమానములు తెచ్చుకొనుటకై రికార్డును అరగదీసి, ప్రతి సంగతిని, ప్రతి గమకమును అచ్చుగుద్దినట్లు ఒప్పగింతురు. ఆ సంగతి ఏ స్వరముమీద మొదలయ్యెనో చెప్పుమన్నచో నేలచూపులు చూతురు. ఇన్నేండ్లు ఇచ్చట కూర్చుండి ఏమి నేర్చుకొన్నట్లు?

నన్ను నిద్రపోనీయని విచారమును ఇప్పుడు చెప్పెదను. టేకు బాగున్నదని లోపలినుండి కేక రాగానే మా కాగితములు ఏమయ్యెడివో తెలియునా? స్టాండ్లమీదనుండి జారి నేలను పడెడివి. సాయంకాలము హాలు ఊడ్చువాడు టీ గ్లాసులతోపాటు వానిని ఎత్తి పారబోసెడివాడు. మరునాడు మరియొక చిత్రము, మరియొక పాట. రికార్డుమీద చిత్రము పేరు, పాడినవారి పేరు, సంగీతదర్శకుని పేరు అచ్చయ్యెడివి. వేణువు ఎవరిదో, ఆ అరమాత్ర ఆగినవాడెవడో ఏ రికార్డుమీదను లేదు. కళాశాలవారు ఎర్రసిరాతో కొట్టివేసిరి. కంపెనీలవారు సిరాయే ఖర్చుచేయలేదు.

తిరుమల సంకీర్తనభాండారమున అన్నమాచార్యుల పాటలు రాగిరేకులమీద వేలకొలది నిలిచినవి. రేకుమీద రాగము పేరున్నది, సాహిత్యమున్నది, స్వరము లేదు. అందుచేతనే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి వంటి పెద్దలు వానికి వరుసలు కూర్పవలసివచ్చినది. అన్నమాచార్యుల నోట ఆ పాట ఎట్లు నడచెనో మనమెన్నటికిని వినలేము. సినిమా పాట సంగతి దీనికి తలక్రిందులు: ధ్వని మిగిలినది, వ్రాత పోయినది. 1957లో వచ్చిన 'మాయాబజారు'నే తీసికొనుడు. సంగీతము ఘంటసాలవారిదని తెరమీద పడును. అందలి కొన్ని పాటల వరుసలను సాలూరి రాజేశ్వరరావుగారే మొదట కట్టిరనియు, ఆయన తప్పుకొన్న పిమ్మట ఘంటసాలవారు వానికి వాద్యములు కూర్చి ముద్రించిరనియు పరిశ్రమలో అందరును చెప్పుదురు. మోహనమున నడచిన 'లాహిరి లాహిరి'లో వరుస ఎంత, వాద్యరచన ఎంత, ఎవరిదెంత యని విచారింపబోయినచో మన చేత ఒక్క కాగితమును లేదు. చెప్పుకొను మాటలే కలవు. దీక్షితుల కృతికి పాఠాంతరములు వెదకి వాదించుకొను మనము, మన కన్నులయెదుట పుట్టిన పాటకు ఒక శుద్ధప్రతిని నిలుపుకొనలేకపోతిమి. ఈ అలక్ష్యమునకు మూలము ఆ పాట నిలుపుకొనదగినది కాదను అహంకారమే. అది తలచుకొన్నప్పుడెల్ల నాకు కోపమును, దుఃఖమును కలిసి వచ్చుచున్నవి.

కావున పట్టము చేతబట్టుకొని పోవుచున్న మీకొక పని యొప్పగించుచున్నాను. మీకు నచ్చిన పాట, మీరు పుట్టకముందు వచ్చిన పాట ఒక్కదానిని ఎన్నుకొనుడు. గాత్రమునకు మాత్రమే గాక ప్రతి బిట్టునకును, వెనుక సన్నగా నడచెడి ఫిడేళ్లకును, తబలా నడకకును స్వరముతో, తాళముతో వ్రాయుడు. ఏ మాటకొరకు ఏ వాద్యము తగ్గినదో పక్కన గుర్తుపెట్టుడు. నచ్చనిచోట నచ్చలేదని కారణముతో వ్రాయుడు. పిదప మదరాసు పోయి కోడంబాకము, వడపళని వీథులలో అడుగుడు. ఆ పాటకు వాయించినవారిలో ఒకరిద్దరు ఇంకను ఉందురు. వారికి చెవులు మందగించియుండును. పాటను వారి దగ్గరగా పెట్టి వినిపింపుడు, తొందరపెట్టకుడు. పక్కన ఎవరు కూర్చుండిరో, వేణువు ఎవరు పట్టిరో వారు చెప్పిన పేర్లను పూర్తిగా, ఇంటిపేర్లతో సహా, మీ వ్రాతప్రతిమీద వేసి ఈ కళాశాల గ్రంథాలయమునకు పంపుడు. నా వద్ద మిగిలిన నోటుపుస్తకములను ఈ ఉదయముననే గ్రంథపాలకునకు అప్పగించితిని. వానిలో కొన్ని పుటలకు పాట పేరు లేదు, చిత్రము పేరు లేదు, రెండవ ఫిడేలు బిట్లు మాత్రమే కలవు. అవి ఏ పాటలవో మీరే వాయించి చూచి గుర్తింపవలయును.