చిట్టీ పాటకు చెరగని లెక్క

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్లలో నెలనెలా చిట్టీలు కట్టే ఇళ్లు చాలానే ఉన్నాయి. 1982 చిట్‌ఫండ్ల చట్టం ఉన్నా, పాట ఎంతకు పోయిందో కంపెనీ పుస్తకంలోనే ఉంటే చందాదారుకు ధీమా ఎక్కడిది?

అందుకే తెలంగాణ రిజిస్ట్రేషన్ల శాఖ ‘టీ-చిట్స్’ పేరుతో చిట్టీలను బ్లాక్‌చెయిన్ మీదికి తెచ్చింది. దాన్ని తయారుచేసింది హైదరాబాదు సంస్థ చిట్‌మాంక్స్. బ్లాక్‌చెయిన్‌లో ఒకే ఖాతా అనేక కంప్యూటర్లలో ఉంటుంది. ప్రతి పద్దుల కట్టలోనూ ముందు కట్ట తాలూకు ముద్ర ఉంటుంది. పాత అంకె ఒక్కటి దిద్దినా ఆ తర్వాతి ముద్రలు పొసగవు, మోసం బయటపడుతుంది. భూమి రికార్డులకు, మందుల సరఫరాకు, డిగ్రీ పట్టాలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

అయితే మొదటే తప్పు అంకె రాస్తే యంత్రం పట్టుకోలేదు. అందుకే చిట్టీలో చేరేముందు దానికి రిజిస్ట్రేషన్ ఉందో లేదో తప్పకుండా అడగండి.