ఎకరాల్లో కొంటడు, గజాల్లో అమ్ముతడు

(రంగారెడ్డి జిల్లాలోని ఒక ఊరిలో, దళితవాడ సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగం)



నేను బడిలో లెక్కలు చెప్పేటోణ్ణి. ఈ రోజు మీతోని కూడా ఒక లెక్క చేయిస్త.

ఊరికి తూర్పున హద్దురాళ్లు పాతి, రంగు జెండాలు కట్టిన్రు. వెంచర్ అంట. ఎకరానికి 40 గుంటలు, గుంటకు 121 గజాలు. మొత్తం 4840 గజాలు. రోడ్లకు, పార్కుకు సగం పోయిందనుకున్నా 2420 గజాలు వాని చేతిల ఉంటయి. మనకు చెప్పేది ఎకరం ధర. వాడు అమ్మేది గజం ధరకు. వాని కరపత్రం మీదున్న గజం ధరను 2420 తోటి గుణించి చూడున్రి. ఆ తర్వాత బయానా సంగతి మాట్లాడుదాం.

అసలు మనయి లావణి పట్టాలు. మా నాయినకు పట్టా వచ్చిన నాడు అది ఉత్త రాళ్ల భూమి. అమ్మ, నాయిన రెండు ఎండకాలాలు రాళ్లేరితే జొన్న పండింది. ఆ జొన్న తినే నేను డిగ్రీ చదివిన. 1977 అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం ఈ భూమి అమ్మకం చెల్లదు. చేతులు మారితే తిరిగి పట్టాదారుకు అప్పగించే అధికారం ఆ చట్టంలోనే ఉన్నది. 2018లో సవరించిన్రు గదా అని బ్రోకర్ అంటడు. ఆ సవరణ అప్పటికే కొనుక్కున్న భూమిలేని పేదల కోసం. కారు దిగేటోని కోసం కాదు.

చెల్లని భూమిని వాడెందుకు కొంటున్నడు? మనం ఆఫీసుల చుట్టూ తిరగలేమని వాని ధీమా.

ఇప్పటికే కాయిదం మీద వేలిముద్ర పెట్టిన ఇండ్లు మన వాడల ఉన్నయి. వాళ్లను తిట్టకున్రి. బిడ్డ పెండ్లి, దవాఖాన బిల్లు ఏం చేయిస్తయో మనకు ఎరుకే. ముందు ఆ కాయిదాల ఏం రాసుందో చదవాలె.

నాకు అన్నిటికంటె ఎక్కువ బాధైంది ఆ గోడ. బొందలగడ్డకు పోయే బండ్ల బాటకు అడ్డంగ లేపిన్రు. మొన్న ఒక ముసలమ్మ పాడె ఎత్తుకొని గోడ చుట్టూ తిరిగి, వాగుల మోకాళ్ల లోతు బురదల పోయినం. పాడె ఒక దిక్కు ఒరిగింది. ఆమె కొడుకు మొఖం నేను చూడలేకపోయిన. శ్మశానాన్ని అందరితో సమానంగా వాడుకోకుండా దళితులను అడ్డుకోవడం, భూమి నుంచి అక్రమంగా వెళ్లగొట్టడం ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద నేరాలు. శ్మశానం సంగతి 2015 సవరణల చేర్చిన్రు. 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నది. శిక్ష 6 నెలల నుంచి 5 ఏండ్లు.

ఇండ్లు వద్దని ఎవరన్నరు? మన వాడల ఒక్క ఇంట్ల మూడు కుటుంబాలు వండుకుంటున్నయి. ఇండ్లు కావాల్సింది మనకు. అక్కడ ప్లాట్లు కొనేటోళ్లల్ల శానామంది ధర పెరిగేదాకా గడ్డి మొలిపిస్తరు. మన పోరగాండ్లకు వాచ్‌మెన్ కొలువులిస్తరట! మన చెలకకు మనల్నే కాపలా పెడ్తరన్న మాట.

తాసిల్దారుకు దరఖాస్తు రాసుకొచ్చిన. బాట గురించి ఒకటి, లావణి భూముల గురించి ఒకటి. సర్వే నంబర్లు మీరు చెప్పాలె. ఇప్పుడు చదువుత, తప్పుంటే ఆపున్రి. సోమవారం పది మందిమి పోదాం. ముద్రేసిన రసీదు చేతికొచ్చేదాకా ఆఫీసు మెట్లు దిగొద్దు. బయానా కాయిదాలున్నోళ్లు రాత్రికి మా ఇంటికి తెచ్చున్రి.