ఓరుగల్లున న్యాయవిద్య

ఓరుగల్లు అనగానే వేయి స్తంభముల గుడియు, శిలాతోరణములును మన కన్నుల ముందు నిలుచును. రాతిలో మలచిన ఆ వైభవముతోపాటు మాటలో నిలిచిన వైభవమును కూడ మనము స్మరింపవలసియున్నది. 1244 ప్రాంతమున గణపతిదేవ చక్రవర్తి మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. తుఫానులో చిక్కి ఒడ్డునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును రాజులు హరించు ఆచారమును విడిచి, నిర్ణీతమైన సుంకమును మాత్రమే గ్రహింతునని ఆయన మాట యిచ్చెను. పాలకుడు సైతము ఒక మాటకు కట్టుబడియుండుటయే గదా చట్టమనగా! కాకతీయుల పేరు దాల్చిన విశ్వవిద్యాలయమున న్యాయశాస్త్రము బోధింపబడుట మిక్కిలి సముచితము.

ఈ భాగ్యము సులభముగా లభింపలేదు. హైదరాబాదు సంస్థానమున ఉన్నత విద్యకు 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమే దిక్కు. బోధన ఉర్దూలో, న్యాయస్థానముల వ్యవహారమును ఉర్దూలోనే. 1938లో వందేమాతర గీతము పాడినందులకు బహిష్కృతులైన విద్యార్థులు పెక్కుమంది నాగపూరునకు వెడలిరి. హనుమకొండ బడిలో చదివిన పి.వి. నరసింహారావుగారు న్యాయశాస్త్ర పట్టమును ఆ నాగపూరులోనే పొందిరి. హనుమకొండవాసియగు కాళోజీ నారాయణరావుగారు న్యాయవిద్యకై రాజధానికి పోవలసివచ్చెను.

ఉస్మానియాకు చెందిన వరంగల్లు స్నాతకోత్తర కేంద్రము పునాదిగా 1976 ఆగస్టు 19న కాకతీయ విశ్వవిద్యాలయము వెలసినది. ప్రధాన ప్రాంగణము విద్యారణ్యపురిలో నున్నది. న్యాయ కళాశాల హనుమకొండ సుబేదారిలో నున్నది. నిజాము కాలమున వరంగల్లు సుబాను పాలించిన సుబేదారు నివాసమువలన ఆ వాడకు ఆ పేరు కలిగినది. నాడు ఆజ్ఞలు వెలువడిన చోటనే, ఆజ్ఞ చట్టసమ్మతమా యని ప్రశ్నించు విద్య నేడు నేర్పబడుచున్నది.

పట్టభద్రులకు మూడేండ్లును, ఇంటర్మీడియెట్ ముగించినవారికి ఐదేండ్లును చదువు. లాసెట్ ప్రవేశ పరీక్షలో నెగ్గవలెను. పట్టము పొందిన పిమ్మట రాష్ట్ర బార్ కౌన్సిలులో నమోదై, అఖిల భారత బార్ పరీక్షలోను ఉత్తీర్ణత పొందవలెను.

అయినను పట్టముతో పని ముగియదు. తన పొలమును గూర్చి వకీళ్ళు వాదించుకొనుచుండగా, ఆ మాటలలో ఒక్కటియు బోధపడక చేతులు కట్టుకొని నిలిచిన రైతును మనము చూడలేదా? కాకతీయ విశ్వవిద్యాలయము పుట్టిన 1976లోనే పార్లమెంటు ఆమోదించిన 42వ సవరణ, ఉచిత న్యాయసహాయమును రాజ్యాంగము నందు 39-ఎ అధికరణముగా చేర్చినది. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టము ననుసరించి స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, నిరుపేదలు మున్నగువారు వకీలు సహాయమును ఉచితముగా పొందవచ్చును. స్త్రీల విషయమున ఆదాయపు లెక్కయే లేదు. ఈ సంగతి ఎరిగిన ఇల్లాండ్రు ఎందరు?

పదుమూడవ శతాబ్దముననే కేతన మితాక్షరను ‘విజ్ఞానేశ్వరము’ పేర తెనిగించెను. చట్టము ప్రజల నుడిలో నుండవలెనను తలపు మనకు క్రొత్తది కాదు. సుబేదారి నుండి వెలువడు యువ న్యాయవాదులు తమ కక్షిదారునకు ముందుగా వాని వ్యాజ్యమును వాని తెలుగులోనే విప్పిచెప్పుదురు గాక! ఆ మాట వినిన రైతు న్యాయస్థానమున తల యెత్తి నిలువగలడు. అంతకు మించిన పట్టము ఏ విశ్వవిద్యాలయమును ఈయజాలదని మేము తలంతుము.