పంచాయతీ విద్యుత్తు లెక్క
(గన్నవరమున పంచాయతీ సభ్యులకు చేసిన ప్రసంగము)



వీధిదీపములకు, మంచినీటి మోటారుకు అగు విద్యుత్తు బిల్లు పెరిగినకొలది మురుగుకాలువకు, బాటకు మిగులు సొమ్ము తరుగును. కావున మేము చెప్పబోవు చట్టము మీకు దూరమైనది కాదు.

2001లో పార్లమెంటు ఇంధన పొదుపు చట్టమును చేసినది. 2006 నుండి విద్యుత్తు పరికరములపై నక్షత్రముల ముద్ర వచ్చినది. సీలింగు ఫ్యానులకు 2023లో తప్పనిసరియైనది. నక్షత్రములు హెచ్చినకొలది కరెంటు ఖర్చు తక్కువ. పెద్ద వాణిజ్య భవనములకు మన రాష్ట్రము 2014లో నియమావళి విధించినది. చిన్న పంచాయతీ కార్యాలయమునకు అది వర్తింపదు.

పాత 40 వాట్ల ట్యూబులైటు చోకుతో కలిసి సుమారు 55 వాట్లు తీసికొనును. దాని స్థానమున 20 వాట్ల ఎల్.ఇ.డి. దీపము పెట్టినచో, రాత్రికి 12 గంటల వంతున, నూరు దీపములకు ఏడాదికి 15,330 యూనిట్లు మిగులును. పగలుకూడ వెలుగుచుండు దీపమునకు మాత్రము ఏ నక్షత్రమును ఉపకరింపదు. స్విచ్చి ఆర్పు మనిషి కావలెను.

మోటారు సంగతి వేరు. కాలిన ప్రతిసారి చుట్టించి వాడుచుందుము. సరిగా చుట్టని మోటారు అంతే నీటికి ఎక్కువ కరెంటు లాగును. బోరు లోతునకు, ట్యాంకు ఎత్తునకు మించిన మోటారు బిగించుటయు దండుగయే. క్రొత్తది కొనునపుడు ధర యొక్కటే చూడక, నక్షత్రములెన్నియో, వాట్లెన్నియో చదివించి తీర్మానమున వ్రాయించుడు.