ముందు జవాబు చెబుదాం



మన తెలుగులో ప్రశ్న వేయడం తేలిక. 'మిరపకాయలు కోశారు' అన్నదానికి చివర దీర్ఘమిస్తే చాలు, 'కోశారా?' అవుతుంది. ఇంగ్లీషులో అలా కాదు. 'హి ఈజ్ కమింగ్'లో సహాయక క్రియ ముందుకొచ్చి 'ఈజ్ హి కమింగ్?' అవుతుంది. 'హి గ్రోస్ కాటన్'లో సహాయక క్రియ లేదు గనుక 'డు'ను తెచ్చుకోవాలి. 'గ్రోస్' చివరి 'ఎస్' దానికి చేరి 'డజ్ హి గ్రో కాటన్?' అవుతుంది.

నాటి గుంటూరు, ప్రకాశం జిల్లాల సరిహద్దు పల్లెలో నేను ఇంగ్లీషు మాస్టరుగా ఉన్నాను. మిరపకోతలకు వెళ్లి వారం తర్వాత బడికొచ్చిన కుర్రవాడొకడు, 'సార్, ఎగ్జామ్ ఈజ్ టుమారోనా?' అని అడిగాడు. నేను నవ్వాను. క్లాసంతా నవ్వింది. ఆ ఏడాది వాడు మళ్లీ నన్నేమీ అడగలేదు. ఇంగ్లీషు తప్పాడు. నిజానికి వాడు తెలుగు పద్ధతిని చక్కగానే పాటించాడు. 'ఈజ్'ను ముందుకు జరపమని ఒక్క మాట చెబితే సరిపోయేది.

మన మనుమలు, మనుమరాండ్రు తప్పుగా అడిగినా ముందు జవాబు చెబుదాం. వ్యాకరణం తర్వాత దిద్దుదాం.