ఇల్లు కొనేముందు వకీలు సలహా
(సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



గేదెను కొనేటప్పుడు మనం రెండు పూటలా పాలు పిండి చూస్తాం, పళ్లు చూస్తాం, ఎన్నో ఈతో అడుగుతాం. ఇల్లు కొనేటప్పుడు మాత్రం గోడలు చూసి బయానా ఇచ్చేస్తున్నాం. మా సంఘ సభ్యుడొకరు పాల డబ్బు కూడబెట్టి అట్లే ఇల్లు కొన్నారు. తరువాత అమ్మినవారి చెల్లెలు వచ్చి, తండ్రి ఆస్తిలో తనకూ భాగమున్నదన్నది. ఆమె మాట న్యాయమే. ఆమె భాగానికి మరల సొమ్ము చెల్లించేందుకు ఆయన రెండు పాడి గేదెలను అమ్ముకోవలసి వచ్చింది.

కనుక బయానాకు ముందే వకీలును కలవాలి. అమ్మేవారి వకీలు చాలదు, మన వకీలు కావాలి. ఫీజు ఎంతో ముందే అడగాలి. దస్తావేజు లేఖరి వ్రాసిపెడతాడే గాని, హక్కు పరిశీలన ఆయన పని కాదు. పాత దస్తావేజులు, ఇంటి పన్ను రశీదులు, సబ్ రిజిస్ట్రారు కార్యాలయపు ఈ.సి. వకీలు ముందుంచాలి. ఈ.సి.లో రిజిస్టరైన లావాదేవీలే కనిపిస్తవి. వారసులు, నోటిమాట పంపకాలు కనిపించవు. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమాన హక్కును 2005 నాటి హిందూ వారసత్వ చట్ట సవరణ ఇచ్చింది. అందుచేత అమ్మేవారి అక్కచెల్లెళ్ల సంగతి కూడా విచారించి వకీలుకు చెప్పాలి.

తెల్లకాగితం ఒప్పందంతో ఇల్లు మనది కాదు. రూ. 100, ఆపైన విలువగల ఆస్తి విక్రయం రిజిస్టరు కావలసిందే. వ్రాసిన దస్తావేజును 4 నెలల్లో దాఖలు చేయాలి.

వెన్న శాతం చూడనిదే పాలకు ధర కట్టం. హక్కు చూడనిదే ఇంటికీ ధర కట్టవద్దని మా మనవి.