ఎముకల పరీక్ష అందరికిని అందవలెను



ఏబది యేండ్లు దాటిన స్త్రీ జారిపడి మణికట్టు విరిగినచో, ‘పెద్దతనము, ఏమి చేయుదుము’ అని కట్టు కట్టించి మనము ఊరకుందుము. ఎముకలు గుల్లబారుచున్నవని తెలుపు మొదటి సూచన అదియే కావచ్చును. ఉపేక్షించినచో తరువాత విరుగునది తుంటి కావచ్చును. తుంటి విరిగిన వృద్ధులలో అనేకులు మరల మునుపటివలె నడువజాలరు.

దీనిని ముందుగా కనిపెట్టుటకు డెక్సా అను పరీక్ష గలదు. సూది లేదు, నొప్పి లేదు. బల్లపై పావుగంట పరుండిన చాలును. అతి స్వల్పమైన ఎక్స్‌రే కిరణములతో యంత్రము తుంటి, వెన్ను ఎముకల సాంద్రతను కొలుచును. ఆ కొలతను యువతుల కొలతతో పోల్చి టి-స్కోరు అను అంకెను ఇత్తురు. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించిన ప్రమాణము ప్రకారము అది మైనస్ 2.5 గాని అంతకు తక్కువ గాని అయినచో ఎముకలు గుల్లబారినట్లు.

పరీక్ష సులభమే, దానిని చేరుటయే కష్టము. మన దేశమున ఈ యంత్రములు అధికముగా పెద్ద నగరములందే యున్నవి. పల్లెనుండి పోయి రావలెనన్న ఒక దినపు కూలి పోవును, వెంట ఒకరు రావలెను, రుసుము చెల్లింపవలెను. నొప్పిలేని వ్యాధికి ఇంత వ్యయమేల యని పెద్దలు వెనుదీయుదురు. కొన్ని శిబిరములలో మడమకు చేయు అల్ట్రాసౌండ్ పరీక్ష డెక్సాకు సాటి కాదు. అది సూచన మాత్రమే, నిర్ధారణ కాదు.

యంత్రము దూరమైనను చేయదగిన పని యున్నది. ఇంగ్లండులోని షెఫీల్డునందు రూపొంది 2008లో వెలువడిన ఫ్రాక్స్ అను గణన, సాంద్రత తెలియకున్నను, రాబోవు పదేండ్లలో ఎముక విరుగు అవకాశమును అంచనా వేయును. అది అడుగునవి ఇంటి ప్రశ్నలే: వయసు, ఎత్తు, బరువు ఎంత? ఇదివరలో ఎముక విరిగినదా? తల్లిదండ్రులలో ఎవరికైన తుంటి విరిగినదా? స్టెరాయిడ్ మందులు వాడితిరా? పొగ త్రాగుదురా? ఈ జవాబులను బట్టి స్కాను ఎవరికి ముందు అవసరమో వైద్యులు నిర్ణయింపగలరు.

విద్యార్థులారా! మేము కోరునది ఒక్కటే. నివేదిక ఇంగ్లీషులో నుండును. అవ్వకు తెలిసినది ఇంటి తెలుగు. ఈ ప్రశ్నలను ఆమెను తెలుగులో అడిగి జవాబులు వ్రాసికొనుడు. ఆసుపత్రికి తోడు పోయి, ‘డెక్సా అవసరమా?’ అని అడిగి, వైద్యుని మాటను ఆమెకు తెలుగులో విప్పి చెప్పుడు. మాతృభాషను నిలుపుకొనుట యనగా ఇదియు నొకటి.